పాతది కొంచెం ఉంచు

వీరబ్రహ్మానికి కొత్త వస్తువంటే కోపమేమీ లేదు. పక్కన పాతది లేకుండా కొత్తదాన్ని చూడమంటే మాత్రం ఆయన కళ్లు మూసుకుంటాడు. చెప్పులైనా, చాయ్‌పత్తి అయినా, పై నుంచి వచ్చిన మేనేజరైనా ఒకటే పద్ధతి. రెంటినీ పక్కపక్కన పెట్టాలి, తీరిగ్గా చూడాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. అరబ్బు దేశంలోని అల్ హైల్‌లో ఆయన మరికొందరితో ఉండే రూములో ఈ కార్యక్రమానికి 'పక్కపక్క' అని పేరే పడిపోయింది.

భూమేశ్ ఆ రూములో దిగిన మొదటి రోజున గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు చూశాడు. ఎడమది అరిగి అరిగి అప్పడంలా ఉంది. కుడిదానికి ధర చీటీ కూడా ఊడలేదు.

"ఎవరియి భాయ్ ఇవి? రెండు జతలల్ల ఒక్కొక్కటి పోయినయా?"

మంచం మీద పడుకున్న ముర్తుజా లేవకుండానే జవాబిచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, వాళ్ల కంపెనీ వ్యాను డ్రైవరు. "పోలేదు భాయ్. బ్రహ్మమన్న పక్కపక్క చేస్తుండు. ఆరు నెలల దాకా ఒక కాలికి పాతది, ఒక కాలికి కొత్తది. తర్వాత ఫైసలా."

"ఏది గెలుస్తది?"

"కొత్తదే గెలుస్తది. పాతది అప్పటికి తెగిపోతది కదా."

వాళ్ల డ్యూటీ రుసైల్ దాటాక, కొండల మొదట్లో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో. గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లలను తుపాకీతో కొట్టే ఆట అక్కడ. పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలను ఏరుకొచ్చి, బాగున్న వాటిలో మళ్లీ పౌడరూ, అంటే తుపాకీ మందూ, సీసపు గుండ్లూ నింపి, మూతి మడిచి కొత్తవిగా చేసే గది ఒకటి క్లబ్బు వెనక ఉంది. లైసెన్సు, తాళాలు, కెమెరాలు అన్నీ ఉన్న గది. తలుపు పక్కన గోడకు రాగి పలక బిగించారు. లోపలికి పోయే ప్రతివాడూ దాన్ని అరచేత్తో తాకి, పౌడరుకు నిప్పురవ్వ తగలకుండా ఒంట్లో ఉన్న కరెంటు దానికి అప్పగించి పోవాలి. పదకొండేళ్లుగా ఆ గదికి వీరబ్రహ్మమే పెద్ద. ఆ పని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి, చేసి, తూచి నేర్చుకున్నాడు.

ఇక్కడికి రాకముందు ఆయన ధర్మపురిలో అవుసుల పని, అంటే బంగారు నగల పని, చేసేవాడు. పక్కపక్క జబ్బు అక్కడ అంటుకున్నదే. ఎవరైనా ఎగతాళి చేస్తే గీటురాయి సంగతి ఎత్తుకునేవాడు.

"గీటురాయి మీద ఒక్క గీత గీస్తె ఏం తెలుస్తది తమ్మీ? పచ్చగున్నదని తెలుస్తది. ఇత్తడి గూడ పచ్చగనే ఉంటది. పక్కన తెలిసిన బంగారం గీత ఉంటెనే, తెల్వని బంగారం నోరు విప్పుతది."

మాట బాగానే ఉంది. కాని ఆ లెక్కన రూములో చాయ్ తాగడం కష్టమైపోయింది. కొత్త చాయ్‌పత్తి పొట్లం విప్పిన రోజు ప్రతివాడికీ రెండు గ్లాసులు వచ్చేవి. ఒకటి పాత పొట్లంలో చివరి చెంచాది, ఒకటి కొత్తది. రెండూ తాగి తీర్పు చెబితే తప్ప ముర్తుజా వ్యాను తాళాలు చేతికొచ్చేవి కావు. ఏ డబ్బా అయినా అడుగంటుతుంటే చాలు, వెనక నుంచి ఆయన గొంతు వినపడేది. "పాతది కొంచెం ఉంచు."

అల్ హైల్ బజార్లో పాత మంగలి వెళ్లిపోయి కొత్తవాడు వచ్చినప్పుడు వీరబ్రహ్మం ఎడమ వైపు మాత్రమే కత్తిరించమన్నాడట. కుడి వైపు పాత మంగలి పని ఇంకా చెరిగిపోలేదు కాబట్టి నాలుగు రోజులు అద్దంలో రెండు వైపులా చూసుకుని, ఐదో రోజున వెళ్లి "సరే, ఈ దిక్కు గూడ చెయ్యి" అన్నాడట. ఆ నాలుగు రోజులూ తాను వ్యాను నడుపుతూ, ఆయన కూర్చున్న కుడి పక్కకు తిరగలేదని ముర్తుజా ఒట్టేసి చెబుతాడు.

ఊళ్లో ఆయన భార్య దేవవ్వ. ఏటా కారం కొట్టించి పంపుతుంది. ఆయన పోయినేటి కారం చిటికెడు కాగితంలో దాచి, కొత్తది రాగానే రెండూ నాలుక మీద వేసుకుని ఫోన్ చేస్తాడు.

"ఈపాలి ఉప్పు ఇంత ఎక్కువ వడ్డట్టున్నదే."

"కారం అదే. పోయినేటి నీ నాలికెను, ఈయేటి నీ నాలికెను పక్కపక్కకు పెట్టి చూస్కో," అనేది దేవవ్వ. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు రూమంతా వినపడేది.

క్లబ్బుకు కొత్త మేనేజరుగా వెంకటేశ్వర రావు వచ్చిన రోజు కూడా ఇదే తంతు. రావుగారిది కాకినాడ, ఇంజనీరింగ్ చదివిన మనిషి. గది చూడ్డానికి వచ్చి, తననే చూస్తున్న వీరబ్రహ్మాన్ని చూశాడు.

"ఏవయ్యా, అలా చూస్తున్నావేంటి?"

"పాత సారు జేబుల రెండు పెన్నులుండె సార్. మీకు ఒక్కటే ఉన్నది."

"ఉంటే?"

"ఏం లేదు సార్. చూస్తున్న అంతే."

మర్నాటి నుంచి రావుగారి జేబులో రెండు పెన్నులు కనపడ్డాయి. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

ఇవన్నీ విని భూమేశ్ మొదట్లో నవ్వుకున్నాడు. తన వంతు వచ్చాక నవ్వు ఆగిపోయింది. భూమేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. చేస్తున్న కంపెనీ మూతపడితే, వీసా మార్చుకుని ఈ క్లబ్బులో చేరాడు. మూడు నెలల ట్రయల్. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే టికెట్ కొని పంపేస్తారు. ఇంకోసారి వీసా మారే దారి లేదు. అతని కన్నా ముందు ఆ మంచం మీద గణపతి అనే మనిషి ఉండేవాడు, పని మానుకుని ఇంటికెళ్లిపోయాడు. ఇక చూసుకోవాలి. భూమేశ్ ఏం చేసినా పక్కన గణపతి వచ్చి నిలబడేవాడు.

రెండో రోజున వంటకు లేవబోతే వీరబ్రహ్మం చేత్తోనే ఆపాడు.

"నువ్వు కూసో. నీ పక్కపక్క ఇంకా కాలె."

"అన్నం వండుడేనాయె అన్నా. అండ్ల పక్కపక్క ఏంది?"

"గణపతి వండితె అన్నం మల్లెపువ్వు లెక్క ఉండేది. నీ సంగతి తెల్వది. కూసో."

బాత్రూమ్ కడగబోతే అదే మాట. గణపతి కడిగితే మొహం కనపడేదట. చెత్త బయట వేయబోతే గణపతి సంచి మూతి ముడి వేసే తీరే వేరట. రెండు నెలలు గడిచినా భూమేశ్ వంతు వంటా, వంతు కడుగుడూ అన్నీ వీరబ్రహ్మమే చేస్తూ వచ్చాడు. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకుని పడుకుని, ఊళ్లో ఉన్న భార్య రజితతో వీడియో కాల్‌లో మాట్లాడుకోవడం తప్ప భూమేశ్‌కు రూములో పని లేదు.

"ఇంట్ల ఇంక నీకేం పని జెప్తలేరా?" అంది రజిత ఒకనాడు.

"నన్ను నమ్ముతలేరే. గణపతి అని ఒకడుండె. దేవుడసొంటోడట," అన్నాడు భూమేశ్, పళ్లు కొరుకుతూ. ఆ గణపతి ఎప్పుడైనా ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని మనసులో రాసిపెట్టుకున్నాడు.

శుక్రవారం క్లబ్బులో పెద్ద పోటీ ఉందనగా, ఆదివారం కొత్త బ్యాచ్ పౌడర్ ఆరు డబ్బాలు వచ్చాయి. అదే కంపెనీ, అదే రంగు డబ్బా, అదే పేరు. అడుగున బ్యాచ్ నంబరు ఒక్కటే వేరు. వీరబ్రహ్మం ఒక్కో డబ్బానూ తూచి రిజిస్టర్లో రాసి, ఒకటో నంబరు డబ్బా మూత తీసి, పాత డబ్బా పక్కన పెట్టాడు. పాతదాంట్లో అడుగున రెండు గుప్పెళ్లు మిగిలింది.

రావుగారు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్నాడు. "గురువారానికల్లా రెండు వేల తూటాలు కావాలి. ఇవాళే మొదలెట్టెయ్యండి."

"ఎల్లుండి మొదలువెడ్త సార్. పక్కపక్క కావాలె."

"ఒకే కంపెనీ కదయ్యా."

"ఒక్క తల్లి పిల్లలు గూడ ఒక్క తీరు ఉండరు సార్."

"అదిగో ఆ బీరువాలో పేర్చినవేంటి?"

ప్రతి బ్యాచ్ అయిపోయే ముందు దాంతో నింపిన పది తూటాలు తీసి, తేదీ రాసి అట్టపెట్టెలో దాచడం వీరబ్రహ్మం అలవాటు. పదకొండేళ్ల పెట్టెలు. "పాతయి సార్. ఉంచిన."

"నెలాఖరుకు ఆ మ్యూజియం ఖాళీ చెయ్యి," అని రావుగారు వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున వీరబ్రహ్మం రెసిడెంట్ కార్డు కోసం మెడికల్‌కు వెళ్లాల్సి వచ్చింది. గొట్టాలు తుడవమని భూమేశ్‌కు చెప్పి, ఇంకేదీ ముట్టుకోవద్దని కూడా చెప్పి వెళ్లాడు. భూమేశ్ రెండు గంటల్లో గొట్టాలన్నీ తుడిచేశాడు. ఇంకా టైముంది. బల్ల మీద చూస్తే పాత డబ్బా, అడుగున రెండు గుప్పెళ్లు. పక్కన కొత్త డబ్బా, నిండుగా.

ఇంట్లో ఉప్పు డబ్బా అడుగంటితే అతని తల్లి ఏం చేసేదో భూమేశ్ కూడా అదే చేశాడు. పాతదాన్ని కొత్తదాంట్లో గుమ్మరించి, మూత పెట్టి, బాగా కలిసేట్టు ఊపి, ఖాళీ డబ్బాను తుడిచి బోర్లించాడు. బల్ల అద్దంలా ఉంది. గణపతికి కూడా ఇంత శుభ్రం చేతనయ్యి ఉండదనుకున్నాడు. పైగా పాతదే లేకపోతే పక్కపక్కా ఉండదు, పని తొందరగా అవుతుంది, రావుగారూ సంతోషిస్తాడు. గోడ మీద మూడు భాషల్లో బోర్డు ఉన్న మాట నిజమే. రెండు రకాల పౌడర్లు కలపరాదు, కలిపినవాడికి ఆ రోజుతో పని సరి అని. కాని ఇవి రెండు రకాలెక్కడివి? పేరొకటే కదా.

మధ్యాహ్నం వీరబ్రహ్మం కొత్త కార్డులోని ఫోటోను పాత కార్డులోని ఫోటో పక్కన పెట్టుకుని, "పాతోడే మంచిగుండె" అనుకుంటూ వచ్చాడు. రాగి పలకను తాకి లోపలికి అడుగుపెట్టి, బల్ల చూసి ఆగిపోయాడు.

"పాతదేది?"

"కొత్త దాంట్ల పోసిన అన్నా. ఖరాబు గాకుంట."

"ఏ డబ్బాల?"

"ఒకటో నంబర్ల."

"ఊపినవా?"

"మంచిగ ఊపిన."

"మంచిగ ఊపినవ్," అన్నాడు వీరబ్రహ్మం. కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు వేలు ఎత్తి గోడ మీది బోర్డు చూపించాడు.

"పేరొకటే ఉంటె పౌడర్ ఒకటి గాదు తమ్మీ. ఒక బ్యాచ్ మెల్లగ కాలుతది, ఒకటి జల్ది కాలుతది. ఏదో తెలిస్తె దానికి తగ్గ కొలత పెడ్తం. కలిపినంక అది మెల్లగదా జల్దిదా, చెప్పేటోడు లేడు. ఏ తూటల ఏది ఎంత వడ్డదో ఎవనికెరుక? తుపాకి చెంపకు ఆనించుకునేటోనికి అది తెల్వది."

తుపాకీ పట్టుకునే మనుషులు భూమేశ్ కళ్ల ముందు మెదిలారు. వాళ్ల వెనకే టికెట్ పట్టుకుని నిలబడ్డ రావుగారు, ఆ వెనక రజిత. "అన్నా, ఇంక నన్ను పంపిస్తరు గదా."

వీరబ్రహ్మం లేచాడు. ఆ డబ్బాను తూచి, తూకం రిజిస్టర్లో రాసి, మూత చుట్టూ ఎర్ర టేపు చుట్టి, నాశనం చేయాల్సిన సరుకు పెట్టే అరలో పెట్టి తాళం వేశాడు. బీరువా తెరిచి మ్యూజియంలోంచి చివరి అట్టపెట్టె తీశాడు. పాత బ్యాచ్‌తో నింపిన పది తూటాలు.

"సాక్షి ఇంకా బతికే ఉన్నడు," అన్నాడు. "పా, రెండో నంబరు డబ్బా తీయ్."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున భూమేశ్ మొదటిసారి పక్కపక్క అంటే ఏమిటో దగ్గరుండి చూశాడు. పాత తూటా ఒకటి విప్పి అందులోని పౌడర్ తెల్లకాగితం మీద పోశాడు వీరబ్రహ్మం. పక్కన కొత్తది. రంగులో తేడా లేదు. పలుకు చూస్తే కొత్తది ఒక్క వెంట్రుకవాసి సన్నం. కొలత గిన్నెలో తలగొట్టి పోసి తూస్తే, అదే కొలతకు కొత్తది ఎక్కువ బరువు తూగింది. మిగిలిన పాత తూటాలు తొమ్మిదీ, కొత్తవి తొమ్మిదీ క్లబ్బు కోచ్ చేత పేల్పించి వేగం కొలిచే మిషన్ ముందు కూర్చున్నాడు. కొత్తవన్నీ ముందుకు ఉరుకుతున్నాయి. కొలత గిన్నె ఒక సైజు తగ్గించి మళ్లీ తొమ్మిది. ఈసారి పాతవాటి వేగం పక్కన కొత్తవి జోడెడ్ల లాగా నడిచాయి.

"ఇగ నింపు," అన్నాడు. భూమేశ్ నింపిన ప్రతి పదో తూటానూ ఆయన తూచాడు.

బుధవారం రావుగారికి ఎర్ర టేపు కనపడింది.

"ఇదేంటి?"

"ఒకటో నంబరు డబ్బా సార్. మిగతా అయిదింటితోని కలుస్తలేదు. పక్కపక్కకు పెట్టి చూసిన. వాడను."

"ఎందుకు కలవదు? ఆరూ ఒక బ్యాచ్ కదా."

"కలుస్తలేదు సార్."

"కారణం?"

"నింపే పనిల ఉన్న సార్. కలుస్తలేదు."

రావుగారు కొంతసేపు వీరబ్రహ్మాన్ని, కొంతసేపు నేల వైపు చూస్తున్న భూమేశ్‌ను, కొంతసేపు రిజిస్టర్‌ను చూశాడు. గదికి వెళ్లి, ఒక డబ్బా పౌడర్ పాడు చేసినందుకు వీరబ్రహ్మానికి మెమో టైపు చేసి తెచ్చాడు. పదకొండేళ్లలో మొదటిది. భూమేశ్ నోరు తెరవబోతే, బల్ల కింద కొత్త చెప్పున్న కాలు అతని కాలిని తొక్కింది.

వీరబ్రహ్మం కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "పాత సారు కాయితం ఇంత పల్చగ ఉండకపోయేది."

"పాత సారు కూడా నీకు మెమో ఇచ్చాడా?"

"లేదు సార్. మంచిగ చేస్తున్నవని లెటర్ ఇచ్చిండు. దీని కాపీ ఒకటి ఇయ్యుండ్రి, దాని పక్కన పెట్టుకుంట."

శుక్రవారం పోటీ సాఫీగా జరిగింది. రెండు వేల తూటాల్లో ఒక్కటీ మొరాయించలేదు. చప్పట్లు వినపడుతుంటే భూమేశ్ ఇక ఉండలేకపోయాడు. నేరుగా రావుగారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, ఆ డబ్బాల కలిపింది నేను. అన్నకు మెమో వద్దు. నన్ను పంపుతె పంపుండ్రి."

రావుగారు రెండు పెన్నుల్లో ఒకటి తీసి రిజిస్టర్ మీద పెట్టాడు. "చదువు. ఒకటో నంబరు డబ్బా. ఆదివారం తూకం ఎంత, సోమవారం తూకం ఎంత?"

భూమేశ్ చదివాడు. సోమవారానికి మూడు వందల గ్రాములు పెరిగి ఉంది. పక్కన వీరబ్రహ్మం ముత్యాల్లాంటి అక్షరాలు.

"పౌడర్ పిల్లల్ని పెడుతుందేవయ్యా? నేను ఇంజనీరింగ్ చదివానా, బజ్జీలేసుకున్నానా? ఆ మనిషి రిజిస్టర్లో అబద్ధం రాయడు, నోటితో నిజం చెప్పడు. మధ్యలో నేనేం చెయ్యను? డబ్బా పోయినందుకు ఎవరికో ఒకరికి మెమో ఇవ్వాలి. నీకిస్తే ఇంటికి పోతావు. ఆయనకిస్తే తీసుకెళ్లి ఇంకో కాగితం పక్కన పెట్టుకుంటాడు." రావుగారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇంకోసారి ఏదైనా కలుపుతావా?"

"చాయ్‌ల చక్కెర గూడ కలప సార్."

"వెళ్లు. ఆ మ్యూజియం ఖాళీ చెయ్యక్కర్లేదని చెప్పు."

ముర్తుజా వ్యాను రుసైల్ దాటుతుండగా భూమేశ్ ఈ సంగతంతా చెప్పాడు. వీరబ్రహ్మం కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"నన్నెందుకు కాపాడినవన్నా?"

"కాపాడుడేంది? పక్కపక్క చేసిన. సోమారం పొద్దుగాలటి భూమేశ్‌ను, సోమారం పొద్దుమూకటి భూమేశ్‌ను. పొద్దుమూకటోనికి కలిపితె ఏమైతదో తెలుసు. నీ జాగల కొత్తోడొస్తె వాడు మళ్ల పొద్దుగాలటోడే గదా."

"అయినా గణపతి అయితె ఇట్ల చేయకపోవు."

ముర్తుజా బ్రేకు మీద కాలు వేసినంత పని చేశాడు. "గణపతా? వాడు రెండుసార్లు కలిపిండు భాయ్, పాత సారు మాఫ్ చేసిండు."

భూమేశ్ వెనక్కి తిరిగి చూశాడు. వీరబ్రహ్మం కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"మరి అన్నం? మల్లెపువ్వు?"

"అరే, గణపతి వండితె అన్నం గోడకు పెట్టి పోస్టర్ అంటించొచ్చు. బాత్రూమ్ కడగాలంటే వానికి నడుంనొప్పి." ముర్తుజా ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో తల పట్టుకున్నాడు. "కొత్తోడు ఎవడొచ్చినా అన్నది ఇదే నాటకం భాయ్. నేనొచ్చినప్పుడు నలభై రోజులు నా పక్కపక్క కాలే. నా వంట, నా బట్టలు, అంతా అన్ననే. కొత్తగా వచ్చినోడు ఇల్లు యాదికొచ్చి సగం చచ్చి ఉంటడు, వానికి గిన్నెలు తోమమని ఎట్ల చెప్తమంటడు. ఊరికె కూసోమంటే ఇజ్జత్‌కు కూసోరు. అందుకే ఈ పక్కపక్క."

"ఇన్నేండ్లల ఎవలన్న ఫెయిల్ అయిన్రా?"

"ఇప్పటి దాకా కాలే."

అప్పుడు వీరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "గణపతి రెండుసార్లు కలిపిండు. నువ్వొక్కసారే. నీ పక్కపక్క అయిపోయింది తమ్మీ. నువ్వే మేలు. రేపు వంట నీదే."

శనివారం మధ్యాహ్నం భూమేశ్ వండాడు. అడుగున మాడి, పైన పలుకు మిగిలి, నడుమ అంబలి అయింది. వీరబ్రహ్మం తన నిన్నటి అన్నం చారెడు పక్కన పెట్టుకుని, ఒక ముద్ద అది, ఒక ముద్ద ఇది తిని, చెయ్యి కడుక్కున్నాడు. తీర్పు చెప్పలేదు.

పై నెలలో క్లబ్బులో స్టోరు పనికి ఇస్రార్ అనే బిహార్ మనిషి వచ్చాడు. భూమేశ్, ముర్తుజా అన్నం తింటుండగా సంచి మూలన పెట్టి, బిడియంగా అటూ ఇటూ చూసి, ఖాళీ గిన్నె ఒకటి తీసుకుని తోమడానికి సింకు వైపు నడిచాడు. వీరబ్రహ్మం ఎడమ కాలికి పాత చెప్పు, కుడి కాలికి కొత్త చెప్పు తొడుక్కుని అడ్డం వచ్చాడు.

"బైఠో. పహలే దేఖేంగే. భూమేశ్ పకాయా తో చావల్ ఏక్‌దమ్ మల్లెపువ్వు. తుమ్హారా మాలూమ్ నహీ."

ముర్తుజాకు పొలమారింది. ఇస్రార్ కాస్త భయంగా, కాస్త ఈర్ష్యగా భూమేశ్ వైపు చూశాడు. భూమేశ్ ఆ చూపును గుర్తుపట్టాడు. లేచి వెళ్లి, అతని చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. కూర్చోమని మంచం చూపించి, తన పళ్లెంలోని మాడు చెక్కను అన్నం కింద దాచాడు.